బ్యాంకు మూతపడితే రైతు డబ్బు ఏమవుతుంది? ముందు జాగ్రత్తలు, తర్వాత చేయాల్సిన పనులు

ఈ సైటులో మనం ఎక్కువగా గులాబీ రంగు పురుగు గురించో, మిర్చిలో తామర పురుగుల గురించో మాట్లాడుకుంటాం. పంట చేతికొచ్చి, అమ్మి, డబ్బు ఖాతాలో పడ్డాక కూడా నష్టం జరిగే దారి ఒకటి ఉంది. డబ్బు దాచుకున్న బ్యాంకే మూతపడటం. ఇది తరచుగా జరగదు. కానీ జరిగినప్పుడు ఏం చేయాలో తెలియక, పుకార్లు నమ్మి, బీమా సొమ్ము సైతం సకాలంలో తీసుకోలేకపోయిన రైతులు ఉన్నారు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి రైతుల అవసరాలను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు ఇస్తున్నాను.

మన పక్కనే జరిగిన ఉదాహరణ

విజయవాడలోని దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సును రిజర్వు బ్యాంకు 2024 నవంబరులో రద్దు చేసింది. నవంబరు 12 సాయంత్రం పని ముగిసిన దగ్గర నుంచి ఆ బ్యాంకు డిపాజిట్లు తీసుకోవడం, చెల్లించడం ఆగిపోయింది. బ్యాంకుకు తగినంత మూలధనం లేదని, ఆదాయం వచ్చే అవకాశాలు కూడా లేవని రిజర్వు బ్యాంకు కారణం చెప్పింది. బ్యాంకును మూసివేసి లిక్విడేటరును నియమించాలని రాష్ట్ర సహకార శాఖ కమిషనరు, రిజిస్ట్రారును కోరింది.

ఇక్కడ గమనించాల్సిన అంకె ఒకటి ఉంది. ఆ బ్యాంకు డిపాజిటర్లలో 95.8 శాతం మందికి బీమా ద్వారా మొత్తం సొమ్ము అందే అర్హత ఉందని రిజర్వు బ్యాంకు తెలిపింది. లైసెన్సు రద్దుకు ముందే, 2024 ఆగస్టు 31 నాటికి, రూ.9.84 కోట్లు బీమా సంస్థ చెల్లించింది కూడా. అంటే బ్యాంకు మూతపడినంత మాత్రాన డబ్బంతా పోయినట్టు కాదు. మిగిలిన 4 శాతం పైచిలుకు మంది సంగతే కష్టం. ఒకే బ్యాంకులో బీమా పరిమితికి మించి దాచినవారు ఆ కోవలోకి వస్తారు.

దీనికి ముందు 2001లో హైదరాబాదులో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో చార్మినార్, వాసవి, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులు కూడా దెబ్బతిన్నాయి. అప్పట్లో బీమా పరిమితి లక్ష రూపాయలే. ఇప్పుడు అది రూ.5 లక్షలు.

డిపాజిట్ బీమా అంటే ఏమిటి?

1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడి వేలాది కుటుంబాలు నష్టపోయాక కేంద్రం ఒక చట్టం చేసింది. 1962 నుంచి బ్యాంకు డిపాజిట్లకు బీమా మొదలైంది. మొదట్లో పరిమితి రూ.1,500. తర్వాత పెరుగుతూ 1993లో లక్ష రూపాయలకు, 2020 ఫిబ్రవరి 4 నుంచి రూ.5 లక్షలకు చేరింది. ఈ బీమాను రిజర్వు బ్యాంకుకు చెందిన డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్ (డీఐసీజీసీ) నడుపుతుంది. ప్రీమియం బ్యాంకే కడుతుంది. మీ దగ్గర పైసా వసూలు చేయకూడదు. మీరు విడిగా దరఖాస్తు చేసి పాలసీ తీసుకోవాల్సిన పని కూడా లేదు.

బీమా ఉన్నవి:
• ప్రభుత్వ రంగ బ్యాంకులు, ప్రైవేటు బ్యాంకులు
• గ్రామీణ బ్యాంకులు
• జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు (డీసీసీబీ), రాష్ట్ర సహకార బ్యాంకు
• లైసెన్సు ఉన్న అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులు

బీమా లేనివి:
• ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం (సొసైటీ) తీసుకున్న డిపాజిట్లు
• మ్యాక్స్ చట్టం కింద రిజిస్టరైన పొదుపు, పరపతి సంఘాలు
• చిట్‌ఫండు కంపెనీలు, ఫైనాన్స్ కంపెనీలు
• స్థలాలు ఇస్తామని, రెట్టింపు చేస్తామని వాయిదాలు కట్టించుకునే సంస్థలు

ఈ రెండో జాబితాను మరొక్కసారి చదవండి. మన సొసైటీలో ఎరువులు తీసుకోవడం, పంట రుణం తీసుకోవడం వేరు. మిర్చి అమ్మిన డబ్బు అక్కడ డిపాజిట్ చేయడం వేరు. సొసైటీ ఎంత బాగా నడుస్తున్నా ఆ డిపాజిట్‌కు డీఐసీజీసీ బీమా వర్తించదు. అదే డబ్బును డీసీసీబీ బ్రాంచిలో మీ పేరున వేస్తే బీమా ఉంటుంది.

అగ్రిగోల్డ్ గుర్తుంది కదా. అది బ్యాంకు కాదు, అందుకే డిపాజిట్ బీమా రాలేదు. ఎన్నో ఏళ్ల కోర్టు కేసుల మధ్య రాష్ట్ర ప్రభుత్వమే 2019 నవంబరులో గుంటూరులో కార్యక్రమం పెట్టి రూ.10 వేల లోపు కట్టినవారికి, 2021 ఆగస్టులో రూ.20 వేల లోపు కట్టినవారికి చెల్లింపులు చేసింది. అంతకు మించి కట్టినవారి ఎదురుచూపులు అలాగే మిగిలాయి.

నా ఉద్యోగంలో చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక మిర్చి రైతు తన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. కూతురి పెళ్లికని దాచిన డబ్బు. బ్యాంకులో కంటే రెండు రూపాయలు ఎక్కువ వడ్డీ ఇస్తామన్నారని ఒక సంఘంలో వేశాడు. షట్టరు దించేసి మూడు నెలలైంది. "సార్, అది బ్యాంకే కదా, లోపల కౌంటర్లు కూడా ఉన్నాయి" అన్నాడు. రసీదు మీద సంఘం రిజిస్ట్రేషన్ నంబరు తప్ప మరేమీ లేదు. ఆ కాగితాన్ని డబ్బు కట్టకముందు చదవాల్సింది, కట్టిన తర్వాత చదివాం. ఈ వ్యాసం రాయడానికి ఆ రైతే కారణం.

డబ్బు వేసే ముందు చూడాల్సినవి

1. బ్యాంకు వెబ్‌సైటులో డీఐసీజీసీ గుర్తు, క్యూఆర్ కోడ్ ఉన్నాయా? 2023 సెప్టెంబరు నుంచి బీమా ఉన్న ప్రతి బ్యాంకూ వీటిని ప్రదర్శించాలి.
2. బీమా ఉన్న బ్యాంకుల జాబితా డీఐసీజీసీ వెబ్‌సైటులో ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలను అడిగి చూపించుకోండి.
3. సహకార సంఘాలు తమ పేరులో "బ్యాంకు" అనే మాట వాడకూడదని 2020లో సవరించిన చట్టం చెబుతోంది. బోర్డు మీద ఆ మాట ఉండి, రిజర్వు బ్యాంకు లైసెన్సు చూపించలేకపోతే డబ్బు వేయవద్దు.
4. చుట్టుపక్కల బ్యాంకులన్నీ ఇచ్చే వడ్డీ కంటే బాగా ఎక్కువ ఇస్తామంటే, ఎందుకు ఇవ్వగలుగుతున్నారో అడగండి.
5. వయసు పైబడిన తల్లిదండ్రుల డబ్బుకు పోస్టాఫీసు పొదుపు పథకాలు మంచివి. వాటికి కేంద్ర ప్రభుత్వ పూచీ ఉంటుంది.

రూ.5 లక్షల లెక్క ఎలా వేస్తారు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. పరిమితి ఖాతాకు కాదు, ఒక మనిషికి ఒక బ్యాంకులో ఉన్న మొత్తానికి. అసలు, అప్పటివరకు కూడిన వడ్డీ రెండూ కలిపి లెక్కిస్తారు. ఒకే బ్యాంకు వేర్వేరు బ్రాంచిల్లో ఉన్నా కలుపుతారు.

ఉదాహరణ 1: ఒక రైతుకు ఒకే బ్యాంకు చిలకలూరిపేట బ్రాంచిలో పొదుపు ఖాతాలో రూ.80,000, గుంటూరు బ్రాంచిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రూ.4,50,000, దానిమీద వడ్డీ రూ.30,000 ఉన్నాయి. మొత్తం రూ.5,60,000. బీమా కింద వచ్చేది రూ.5,00,000. మిగిలిన రూ.60,000 కోసం లిక్విడేటరు దగ్గర ఎదురుచూడాలి.

ఉదాహరణ 2: భర్త పేరున రూ.4 లక్షలు, భార్య పేరున రూ.4 లక్షలు, ఇద్దరి పేరున ఉమ్మడి ఖాతాలో రూ.3 లక్షలు. ఈ మూడూ వేర్వేరు హక్కులుగా లెక్కకు వస్తాయి. మొత్తం రూ.11 లక్షలకూ బీమా ఉంటుంది.

ఉదాహరణ 3: అదే బ్యాంకులో మీకు అప్పు కూడా ఉంటే ముందు దాన్ని మినహాయిస్తారు. డిపాజిట్ రూ.3,00,000, పంట రుణం వడ్డీతో కలిపి రూ.1,92,000 అనుకుందాం. చేతికి వచ్చేది రూ.1,08,000. "నాకు 3 లక్షలు రావాలి కదా" అని కంగారు పడకండి, అప్పు తీరిన రసీదు మాత్రం తప్పక అడిగి తీసుకోండి.

మిర్చి బాగా పండిన ఏడాది యార్డులో సరుకు అమ్మగానే ఒకేసారి పెద్ద మొత్తం ఖాతాలో పడుతుంది. రూ.5 లక్షలు దాటుతుంటే రెండు బ్యాంకుల్లో వేసుకోవడం తెలివైన పని. ఒకే బ్యాంకులో రెండు బ్రాంచిలు మారిస్తే లాభం లేదు.

బ్యాంకు మూత ఏయే దశల్లో జరుగుతుంది?

మొదటి దశ: ఆంక్షలు. బ్యాంకు పరిస్థితి బాగోలేదని తేలితే రిజర్వు బ్యాంకు బ్యాంకింగ్ నియంత్రణ చట్టం సెక్షన్ 35ఏ కింద ఆదేశాలిస్తుంది. కొత్త అప్పులు ఇవ్వకూడదు, కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు. ఖాతాదారుడు ఇంత మించి తీయకూడదని పరిమితి పెడతారు. ఒక్కోసారి ఏమీ తీయకూడదంటారు. ఈ ఆంక్షలు పెట్టినంత మాత్రాన లైసెన్సు రద్దయినట్టు కాదు.

రెండో దశ: బీమా చెల్లింపు. పూర్వం లైసెన్సు రద్దయి, లిక్విడేటరు వచ్చేదాకా బీమా సొమ్ము వచ్చేది కాదు. ఏళ్లు పట్టేది. 2021లో చట్టం మార్చారు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లోనే రూ.5 లక్షల వరకు చెల్లించాలి. మొదటి 45 రోజుల్లో బ్యాంకు డిపాజిటర్ల జాబితా పంపాలి. తర్వాత 30 రోజుల్లో పరిశీలన, ఆ పైన 15 రోజుల్లో చెల్లింపు. బ్యాంకును మరో బ్యాంకులో కలిపే ప్రయత్నం జరుగుతుంటే మరో 90 రోజుల వరకు పొడిగించవచ్చు.

మూడో దశ: లైసెన్సు రద్దు, లిక్విడేటరు నియామకం. సహకార బ్యాంకు అయితే సహకార సంఘాల రిజిస్ట్రారు లిక్విడేటరును నియమిస్తారు. బ్యాంకు ఆస్తులు అమ్మడం, రావలసిన అప్పులు వసూలు చేయడం, వచ్చిన సొమ్మును పంచడం ఆయన పని. ముందుగా డీఐసీజీసీ చెల్లించిన సొమ్ము తిరిగి కట్టాలి. ఆ తర్వాత మిగిలిన దాంట్లో నుంచి రూ.5 లక్షలు దాటిన వాటా ఉన్నవారికి నిష్పత్తి ప్రకారం వస్తుంది. దీనికి ఏళ్లు పట్టవచ్చు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ బీమా సంస్థే రిసీవరుగా వచ్చి బ్యాంకును తన చేతిలోకి తీసుకుంటుంది. 2023 మార్చి 10, శుక్రవారం సిలికాన్ వ్యాలీ బ్యాంకును మూసివేస్తే సోమవారానికల్లా డిపాజిటర్లకు డబ్బు అందుబాటులోకి వచ్చింది. మన దగ్గర అంత వేగం లేదు. అందుకే మూడు నెలల ఇంటి ఖర్చు, పెట్టుబడి ఖర్చు మరో బ్యాంకులో ఉండేలా చూసుకోవాలి.

విలీనం వేరు, మూత వేరు

ఈ రెండింటినీ కలిపేసి పుకార్లు పుడుతుంటాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. 2025 మే 1న గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, కడప కేంద్రంగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు తదితరాలు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. వీటిలో ఎవరి డిపాజిటూ పోలేదు. అప్పులూ రద్దు కాలేదు. విలీనమైనప్పుడు ఐఎఫ్ఎస్‌సీ కోడ్, పాసుపుస్తకం, చెక్కుబుక్కు మారతాయేమో బ్రాంచిలో అడిగి తెలుసుకుంటే చాలు.

ఆంక్షలు పెట్టారని తెలిసిన రోజు నుంచి చేయాల్సినవి

1. పాసుపుస్తకం, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, ఆధార్, పాన్ కార్డు జిరాక్సులు ఒకచోట పెట్టండి. అసలు రసీదులు ఎవరికీ ఇవ్వకండి.
2. మీ కేవైసీ, ఫోను నంబరు సరిగా ఉన్నాయో లేదో బ్రాంచిలో చూసుకోండి. పేరు ఆధార్‌లో ఒకలా, ఖాతాలో ఒకలా ఉంటే చెల్లింపు ఆగిపోతుంది.
3. బీమా సొమ్ము తీసుకోవడానికి సమ్మతి పత్రం రాసి ఇవ్వాలి. అందులో మరో బ్యాంకులో మీ పేరున ఉన్న ఖాతా వివరాలు రాయాలి. ఇచ్చినట్టు ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఈ పత్రం ఇవ్వనివారికి చెల్లింపు ఆలస్యమవుతుంది.
4. ఖాతాదారుడు చనిపోయి ఉంటే నామినీ లేదా వారసుల పత్రాలు సిద్ధం చేసుకోండి. బతికి ఉన్నవారు ఇప్పుడే నామినీ పేరు రాయించండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు.
5. "తొందరగా ఇప్పిస్తాం, పది శాతం ఇవ్వండి" అనే దళారులను దగ్గరికి రానివ్వకండి. ఫోనులో ఓటీపీ అడిగితే చెప్పకండి. బీమా సొమ్ముకు ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు.
6. మీ డిపాజిట్ రసీదును తక్కువ ధరకు కొంటామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి.

ప్రభుత్వ సొమ్ము, పత్తి డబ్బు ఆగిపోకుండా

పీఎం కిసాన్ వాయిదాలు, పంట నష్టపరిహారం వంటివి ఆధార్ అనుసంధానమైన ఖాతాలోనే పడతాయి. సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తి అమ్మినా అంతే. ఆ ఖాతా ఆంక్షలున్న బ్యాంకులో ఉంటే, పడిన డబ్బు తీసుకోలేరు. కాబట్టి వెంటనే మరో బ్యాంకులో ఖాతా తెరిచి, ఆధార్‌ను ఆ ఖాతాకు అనుసంధానం చేయమని రాసి ఇవ్వండి. అనుసంధానం పూర్తయిందో లేదో తేల్చుకున్నాకే పత్తి లోడు సీసీఐ కేంద్రానికి తీసుకెళ్లండి.

ఏడాదికి రూ.436 జీవన్ జ్యోతి, రూ.20 సురక్ష బీమా ప్రీమియాలు మే నెలలో ఖాతా నుంచి కట్ అవుతాయి. ఖాతా ఆగిపోతే ఆ బీమాలూ ఆగిపోతాయి. కొత్త ఖాతాలో మళ్లీ నమోదు చేయించుకోండి.

మిర్చి రైతులకు ప్రత్యేకంగా

కోల్డ్ స్టోరేజీ బాండు మీద ఆ బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే సరుకు మీదే, కానీ బాండు బ్యాంకు దగ్గర ఉంటుంది. అప్పు కట్టి, విడుదల పత్రం రాయించుకోకుండా సరుకు బయటకు రాదు. ధర బాగున్నప్పుడు ఈ ఆలస్యం వల్ల నష్టపోతారు. అందుకని ఆంక్షలు మొదలవగానే ఈ పని ముందు చూసుకోండి.

వ్యాపారి ఇచ్చిన చెక్కు ఆ బ్యాంకుదైతే, సొమ్ము మీ ఖాతాలో పడేవరకు బాకీ తీరినట్టు కాదు. చెక్కు, కాటా చీటీ, కమీషన్ కొట్టు ఇచ్చిన పట్టీ భద్రంగా ఉంచి, వేరే బ్యాంకు ద్వారా చెల్లించమని అడగండి.

అప్పు ఉన్నవారు గుర్తుంచుకోవాల్సినవి

బ్యాంకు మూతపడితే అప్పు మాఫీ అయిపోతుందని కొందరు ప్రచారం చేస్తారు. అది అబద్ధం. అప్పు వసూలు చేసే హక్కు లిక్విడేటరుకు ఉంటుంది. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

• బంగారం కుదువపెట్టి ఉంటే, బంగారం మీదే. బాకీ కట్టి విడిపించుకోవచ్చు. కుదువ చీటీలో రాసిన బరువు, వస్తువుల వివరాలు సరిచూసుకుని తీసుకోండి.
• లిక్విడేటరు కార్యాలయంలో లేదా ఆయన చెప్పిన ఖాతాలోనే కట్టండి. పాత ఉద్యోగి ఇంటికి వచ్చి అడిగితే నగదు ఇవ్వకండి.
• అప్పు తీరాక బాకీ లేదన్న పత్రం, భూమి కాగితాలు తీసుకోండి. మీ 1-బీలో ఆ బ్యాంకు అప్పు భారం నమోదై ఉంటే, దాన్ని తొలగించారో లేదో చూసుకోండి. అది ఉన్నంతకాలం మరో బ్యాంకులో పంట రుణం దొరకడం కష్టం.
• ఆంక్షలున్న బ్యాంకు మీ రుణాన్ని రెన్యువల్ చేయలేదు. ఖరీఫ్ మొదలయ్యే దాకా ఆగకుండా వేసవిలోనే మరో బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డుకు దరఖాస్తు చేయండి. లేదంటే విత్తనాల వేళకు కొట్టు దగ్గర అధిక వడ్డీకి అప్పు చేయాల్సి వస్తుంది. బ్యాంకు మూత వల్ల చిన్న రైతుకు జరిగే అసలు నష్టం చాలాసార్లు ఇదే.

ఎవరిని అడగాలి?

రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల నంబరు 14448. లైసెన్సు లేకుండా డిపాజిట్లు తీసుకుంటున్న సంస్థల మీద రిజర్వు బ్యాంకు "సచేత్" పోర్టలులో ఫిర్యాదు చేయవచ్చు. సహకార బ్యాంకు లిక్విడేటరు వివరాలు జిల్లా సహకార అధికారి కార్యాలయంలో దొరుకుతాయి. బీమా లేని సంస్థ మోసం చేస్తే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మన రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణకు 1999 నాటి చట్టం ఉంది, 2019లో వచ్చిన కేంద్ర చట్టం కూడా ఉంది. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే ఆ సంస్థ ఆస్తులు చేతులు మారకముందే జప్తు చేసే వీలు అంత ఉంటుంది. ఏళ్ల క్రితం మరిచిపోయిన పాత ఖాతాలు ఉంటే రిజర్వు బ్యాంకు "ఉద్గమ్" పోర్టలులో వెతుక్కోవచ్చు.

చివరిగా ఒక మాట. ఈ వ్యాసం చదివి, బాగా నడుస్తున్న మీ బ్యాంకు దగ్గరికి పరుగెత్తి డబ్బంతా తీసేయకండి. ఇంట్లో నగదు ఉంచుకుంటే దొంగల భయం, వడ్డీ నష్టం. ఈ వారంలో ఒక పూట కేటాయించి మూడు పనులు చేయండి. మీ డబ్బు ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాయండి. ఒక్కోచోట బీమా ఉందా, రూ.5 లక్షల లోపు ఉందా చూడండి. నామినీ పేరు ఉందో లేదో సరిచూడండి. ఆ కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రంలో అడగండి, కాగితాలు వెంట తీసుకెళ్లండి.